సంతకం లేని క్యూ

దక్షిణ అండమాన్‌లో తుష్నాబాద్ ఉన్న ప్రాంతపు అడవుల్లో పెరిగే పడాక్ మన ఎర్రచందనానికి దాయాది. పడాక్ జాతి కలపతో పూల్ ఆడే క్యూలూ చేస్తారు. సంతకం లేని క్యూ చేతికొస్తే, చేసిందెవరో కలప చెప్పదు. ఆఫ్రికా పడాక్‌దీ అదే ఎరుపు. ఏళ్లు గడిస్తే రెండూ గోధుమ రంగుకు తిరుగుతాయి.

చెప్పేది పనితనం. రెండు ముక్కలనూ కలిపే మర ఎంత లావు, అంగుళానికి ఎన్ని చుట్లు, అతుకు దగ్గర పట్టీలు ఎలా కూర్చారు, పొదిగిన కోణాల మొనలెలా ఉన్నాయి? మొన గుండ్రంగా ఉంటే అది కంప్యూటర్ యంత్రం కోసిందేమోనని అనుమానించాలి. 1960ల నాటి సరుకని అమ్మేవాడు ఎన్ని కథలు చెప్పినా సరే.

అయినా చిక్కు తీరదు. 1975లో మరణించిన అమెరికా దిగ్గజం జార్జ్ బలబుష్కా తన క్యూల్లో కొన్నింటికి బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ చేసిచ్చిన కోణాల ముక్కలు వాడాడు. మరి అందులో కనిపించేది ఎవరి చెయ్యి? 1986 నాటి 'ద కలర్ ఆఫ్ మనీ'లో బలబుష్కాగా చూపింది అసలు జాస్ సంస్థ క్యూ. సినిమాకు చెల్లింది. పేరును బట్టి ధర పలికే సంతలో చెల్లదు. అందుకే తయారీదారు తేలేదాకా పాత క్యూకు కొత్త పాలిష్ పట్టించకండి. ఉన్న ఒక్క గుర్తూ ఆ గీకుడులోనే పోవచ్చు.