ఇంటర్వెల్ కామెడీ మెయిన్ పిక్చర్‌ని మింగేసింది!

సీరియస్ సినిమాకి వెళ్లి, బయటికొచ్చాక కామెడీ ట్రాక్ గురించే మాట్లాడుకున్న రోజులు మనందరికీ ఉన్నాయి కదా. సరిగ్గా అలాంటిదే 1733లో ఇటలీలోని నేపుల్స్‌లో జరిగింది.

అప్పట్లో పెద్ద ఒపెరా అంటే రాజులు, వీరులు, దేవతలు. గంటల తరబడి గంభీరమైన పాటలు. జనానికి విసుగు రాకుండా అంకాల మధ్య చిన్న హాస్య నాటికలు వేసేవారు. పెర్గొలేసీ అనే 23 ఏళ్ల కుర్రాడు తన సీరియస్ ఒపెరా మధ్యలో వేయడానికి 'లా సెర్వా పద్రోనా' అని ఒకటి కట్టాడు. అంటే 'పనిమనిషే యజమానురాలు' అన్నమాట. పాడేది ఇద్దరే. మూడో పాత్ర మూగ నౌకరు. పెళ్లికాని పెద్దాయన్ని పనమ్మాయి బుట్టలో వేసి పెళ్లి చేసుకుంటుంది. కథ అంతే!

ఆ పెద్ద ఒపెరాని ఇవాళ తలుచుకునేవాళ్లు తక్కువ. ఈ చిన్నది మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది. పాపం, పెర్గొలేసీ అదేమీ చూడలేదు. 26 ఏళ్లకే క్షయతో పోయాడు.

1752లో దీన్ని పారిస్‌లో ఆడారు. ఇటలీ హాస్యం గొప్పదా, ఫ్రెంచ్ గాంభీర్యం గొప్పదా అని మేధావులు రెండు వర్గాలుగా చీలి కరపత్రాలతో కొట్టుకున్నారు. అచ్చం మన ఫ్యాన్ వార్సే! రూసో ఇటలీ పక్షం.

ఎందుకంత గొడవ? స్టేజీ మీద మామూలు మనుషులు హీరోలయ్యారు మరి. నేపుల్స్ తొలి హాస్య ఒపెరాలైతే ఆ ఊరి యాసలోనే పాడారు. 1786లో మోజార్ట్ 'ఫిగారో పెళ్లి'లో, తన కాబోయే భార్య మీద కన్నేసిన దొరని నౌకరే బోల్తా కొట్టిస్తాడు. దానికి ఆధారమైన నాటకాన్ని వియన్నాలో ఆడనివ్వలేదు. ఘాటు మాటలు తగ్గించాక, పాటల రూపంలో మాత్రం పర్మిషన్ దొరికింది!

తర్వాత లండన్‌లో గిల్బర్ట్, సలివాన్ జోడీ 1878లో 'పినాఫోర్'తో నేవీ పెద్దల్ని ఆటపట్టించింది. అది అమెరికాలోనూ సూపర్ హిట్. బ్రాడ్‌వే మ్యూజికల్స్‌కి దారి వేసినవాటిలో అదొకటి. 1950లో బగ్స్ బనీ కూడా రోస్సీనీ 'సెవిల్ మంగలి' సంగీతానికే గడ్డం గీశాడు.

పైవాణ్ని నేరుగా తిట్టలేనప్పుడు, నవ్వుతూ పాడేయడం అప్పటినుంచీ పనిచేస్తోంది.

ఈ వీకెండ్ 'లా సెర్వా పద్రోనా' చూడండి. ముప్పావుగంటే. ఆ మూగ నౌకరు మీద ఓ కన్నేయండి. సైనికుడి వేషంలో వచ్చి కథని మలుపు తిప్పేది ఆ నోరెత్తనివాడే!