ఆడపిల్ల ఆట ఎక్కడ ఆగిపోతోంది?

లింగాల వంటి ఊళ్ళలో అసర్ నమాజు తర్వాత బడి మైదానం వైపు చూస్తే ఎక్కువగా మగపిల్లలే కనిపిస్తారు. ఐదవ తరగతి దాకా వారితో సమానంగా పరుగెత్తిన అమ్మాయి ఎనిమిదికి వచ్చేసరికి ఇంటికే పరిమితమవుతుంది. ఆడవద్దని ఆమెతో ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు. కానీ నీళ్ళు పట్టాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, వంటలో అమ్మీకి సాయపడాలి. దుస్తుల గురించి ఎవరో ఒక మాట అంటారు. పోటీల కోసం పులివెందులకో, కడపకో వెళ్ళాలంటే తోడు దొరకదు. చివరకు టీవీలో క్రికెట్ చూస్తున్నా, నీకెందుకీ ఆటలని అడుగుతారు. ఈ మాటలు చదువుతున్న తల్లుల్లో ఎందరో ఒకనాడు ఖోఖోలో అందరికన్నా ముందున్నవారే!

ఈ అడ్డంకులకు మనం తరచూ ధర్మం పేరు పెడుతుంటాం. దైవప్రవక్త (సల్లం) గృహజీవితం మనకు నేర్పేది వేరు. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేయగా ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్ళీ పందెం వేసి, ఈసారి తాము గెలిచి, అది ఆనాటి ఓటమికి బదులని సరదాగా అన్నారు. ఇది అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మస్జిదులో అబిసీనియా వాసులు ఈటెలతో విన్యాసాలు చేస్తుండగా, ఆమె తనివితీరా చూసేవరకు ఆయన ఓపికగా నిలబడ్డారని బుఖారీ హదీసు తెలుపుతోంది.

హయా, పరదాల విషయంలో రాజీపడాలని మనం అనడం లేదు. తలను కప్పే వస్త్రాన్ని అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాలు 2014లో, బాస్కెట్‌బాల్ నియమాలు 2017లో అనుమతించాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్‌తోనే కత్తియుద్ధ పోటీల్లో పాల్గొని, కాంస్యం గెలిచిన అమెరికా జట్టులో నిలిచారు.

మన తెలుగునేలపై చూస్తే, నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో అడుగుపెట్టినప్పుడు నలుగురి మాటలు ఎదుర్కొన్నారు. తండ్రి జమీల్ అహ్మద్ ఆమె వెంట నిలిచారు. 2022లో, 2023లో ఆమె ప్రపంచ విజేత అయ్యారు. మన కడప జిల్లాలోని ఎర్రగుంట్ల ప్రాంతం నుంచి వచ్చిన శ్రీచరణి, 2025 నవంబర్ 2న క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన భారత మహిళా జట్టులో ఉన్నారు.

పతకం అందరికీ రాదు. కానీ ఆరోగ్యం, ధైర్యం, ఓటమిని తట్టుకునే నిబ్బరం ప్రతి ఆడపిల్లకూ అవసరమే. అసర్, మగ్రిబ్ నమాజుల మధ్య అరగంట ఆమెకు వదిలిపెడదాం. ఆ సమయంలో నీళ్ళు పట్టే పని అన్నకు అప్పగిద్దాం. వదులైన, నిండైన దుస్తులు కుట్టిద్దాం. నలుగురు తల్లులం కలిసి బడివారిని అడిగితే, మైదానంలో అమ్మాయిలకు వేరుగా కొంత వేళ దొరకవచ్చు. పోటీ ఉన్న రోజున అబ్బా తోడు వెళితే, ఊరివారి మాటలకు అదే సమాధానం.

మన బిడ్డల శక్తిసామర్థ్యాలు అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దానిని కాపాడుకునే సద్బుద్ధిని ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.