పురుగు మీద జాలి

షాబాద్ అనగానే చాలామందికి నేలకు పరిచే బండలు గుర్తొస్తాయి. ఆ బండల షాహాబాద్ కర్ణాటకలో వుందండీ. మాది చేవెళ్ళ దగ్గరి షాబాద్. మా చుట్టూ వున్నవి పత్తి చేలు.

మొన్న కార్తీకమాసంలో మా వదిన హైదరాబాదు నుంచి వచ్చింది. కారు దిగుతూనే కొంగు చాపి చూపించింది. "అహింసా పట్టు! ఒక్క పురుగు కూడా చావలేదు తెలుసా?" అంది. నిజమే, కాదనను. మామూలు పట్టుకైతే పురుగు లోపల వుండగానే గూళ్ళని వేడినీళ్ళలో వేస్తారు. లేకపోతే అది గూడు తొలుచుకుని బయటికొచ్చి పోగు తెగ్గొడుతుంది. ఒక్క చీరకి వేల ప్రాణాలు. చేనేత రంగంలో ప్రభుత్వోద్యోగం చేసిన కుసుమ రాజయ్యగారు, పురుగు రెక్కలొచ్చి బయటపడేదాకా ఆగి, ఆ తెగిన పోగుల్నే వడికించి నేయించారు. 2006లో పేటెంటు కూడా వచ్చింది. అంత ఓపికకి దణ్ణం పెట్టాల్సిందే.

నా కోపమల్లా మా వదిన జాలి ఆ పురుగు దగ్గరే ఆగిపోయినందుకు.

సాయంత్రం ఇద్దరం చేలవైపు నడిచాం. ఆడవాళ్ళు పత్తి ఏరుతున్నారు. ఎండిన కాయల మొనలు గీసుకోకుండా చీర మీద మగవాళ్ళ పాత చొక్కా, నడుముకి ఒడి. చీర పాలియెస్టరు, చొక్కా పాలియెస్టరు. చుట్టూ తెల్లగా పత్తి, ఒంటిమీద చెమట పీల్చని బట్ట! "కాటన్ కట్టుకోకూడదూ, చల్లగా వుంటుంది" అంది వదిన. ఒకావిడ నవ్వింది. "మా కూలికి అదెక్కడొస్తదమ్మా?"

ఈ చేనుకీ ఓ పురుగుంది, కాయ తొలిచేది. దాన్ని తట్టుకుంటుందని 2002లో బీటీ విత్తనానికి అనుమతిచ్చారు. కొన్నేళ్ళకి గులాబీరంగు పురుగు దానికీ అలవాటుపడిపోయింది. మళ్ళీ మందుడబ్బాలు. వీపున స్ప్రేయరు, మూతికి తువ్వాలు, అంతే రక్షణ. 1997-98లో పంట పోయి అప్పు మిగిలి, వరంగల్లు వైపు పత్తి రైతులు ఆ మందులే తాగి ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు మనం కట్టుకున్న చీరల్ని ఎవరూ హింసా కాటన్ అనలేదేం?

"అయితే పాలియెస్టరే కట్టమంటావా?" అంటారు. అబ్బే! అది పెట్రోలు సంతతి. ఉతికినప్పుడల్లా కంటికి కనబడని ప్లాస్టిక్ పోగుల్ని నీళ్ళలోకి వదులుతుంది. నా బీరువాలోనూ ఓ అరడజను వున్నాయనుకోండి, ఇస్త్రీకి బద్ధకించి కొన్నవి.

నేనడిగేది, చేనుకీ చీరకీ మధ్య ఇంత దూరం ఎందుకని. గింజ తీసిన దూదిని 170 కిలోల బేలుగా బండలా నొక్కేస్తారు, ఎక్కడో వున్న పెద్ద మిల్లుకి పంపడానికి. అక్కడ దాన్ని మళ్ళీ విప్పి, కొట్టి, దులిపి మెత్తన చెయ్యాలి. మెత్తనిదాన్ని బండ చేసి, బండని మెత్తన చెయ్యడం! ఉజ్రమ్మగారూ, ఆవిడతో పనిచేసినవాళ్ళూ ఈ బేలు తతంగమే వద్దని, పత్తి పండే చోటే చిన్న యంత్రాల మీద వడికించి, 'మల్ఖా' అని బట్ట నేయించి చూపించారు. పొందూరు ఆడవాళ్ళ సంగతి సరేసరి, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నటి నూలు తీసిన చేతులు వాళ్ళవి.

"ఖరీదెక్కువ" అని పెదవి విరిచేది మనమే. మూట భుజాన వేసుకుని గుమ్మంలోకొచ్చిన నేతగాడితో యాభై రూపాయలకి గంటసేపు బేరమాడతాం. ఏసీ షాపులో మాత్రం చీటీ మీద వున్నంతా నోరెత్తకుండా ఇచ్చేస్తాం. ఇది ఏ పత్తి, నేసినవాడికి ఎంతిచ్చారు అని అక్కడ అడిగినవాళ్ళు మీలో ఎందరు? నేనూ అడగలేదు, మొన్నటిదాకా.

వచ్చేస్తుంటే ఆ పత్తి ఏరే ఆవిడ నా చెంగు రెండు వేళ్ళతో నలిపి చూసింది. "మెత్తగుంది. ఇది మా పత్తేనా అమ్మా?" అంది.

మర్నాడు ఆ చీర కొన్న షాపుకి ఫోను చేశాను. "ప్యూర్ కాటన్ మేడమ్, గ్యారంటీ" అన్నాడు. పత్తి ఏ వూరిదయ్యా అన్నాను. పెట్టేశాడు.