గుడారంలో కుక్క, గుడారంలో నమాజ్

మన ఇళ్లలో కుక్క మాట వస్తే చాలు, ఫిఖహ్ రాని వాళ్లు కూడా ముఫ్తీ సాబ్‌లైపోతారు. 'ఫరిష్తేలు రారు' అని ఒక్క మాట అనేస్తారు, బహస్ ఖతం. అదే హదీసులో కుక్కతో పాటు తస్వీర్ మాట కూడా ఉంది. మరి ఆ మాట అనే వాళ్ల హాల్లో గోడ నిండా షాదీ ఫోటోలుంటాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు ఇదెందుకంటే, చికాగోలో నౌకరీ చేసే మా భాంజా ఈమధ్య తన కుక్కను వెంటబెట్టుకుని కారులో కాలిఫోర్నియాకు బయల్దేరాడు. నేరుగా పోయినా మూడు వేల కిలోమీటర్లకు పైమాటే. వాడు నేరుగా కూడా పోలేదు. సౌత్ డకోటాలో బ్యాడ్‌లాండ్స్, వ్యోమింగ్‌లో ఎల్లోస్టోన్, నెవాడా ఎడారి, ఇట్లా తిరుగుతూ రాత్రిళ్లు గుడారం వేసుకుని పడుకుంటూ పోయాడు. ఖాందాన్ గ్రూపులో ఫోటో పెట్టాడు. గుడారం ముందర వాడు, వాడి పక్కన నాలుక బయటపెట్టిన కుక్క. మా ఆపా వెంటనే అడిగింది, 'అందులో నమాజ్ ఎట్లా చదువుతావురా?' అని. 'సఫర్ అయ్యేదాకా వదిలేస్తాలే అమ్మీ' అన్నాడు వాడు.

గ్రూపులో అందరికీ కుక్క కనబడింది. నాకు ఆ జవాబు కనబడింది. ఇరవై ఆరేళ్ల పిల్లాడు, పరాయి దేశంలో ఒంటరిగా ఉంటున్నవాడు, కుక్కా నమాజూ రెండూ కుదరవని మన మాటల్నిబట్టే నమ్మాడు. రెండింట్లో ఒకటి వదలమంటే ఏది వదిలాడో చూడండి. అసలు వదలమని దీన్‌లో ఎవరు చెప్పారు?

మనలో ఎక్కువమంది హనఫీలం. హనఫీ ఫిఖహ్‌లో ఫత్వా ఉన్న మాట ప్రకారం కుక్క ఒళ్లు నాపాక్ కాదు, దాని లుఆబ్, అంటే చొంగ, నాపాక్. ఒంటికో బట్టకో చొంగ తగిలితే తగిలినచోట కడుక్కోవాలి. గిన్నెలో మూతి పెడితే మూడుసార్లు కడగాలి. షాఫయీల దగ్గర సఖ్తీ ఎక్కువ, గిన్నెను ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. మాలికీలైతే కుక్క పాకే అంటారు. ఇంత ఇఖ్తిలాఫ్ ఉన్న మస్లాను మనం మాత్రం 'ఛీ' అనే ఒక్క అక్షరానికి కుదించేశాం. నబీ (స) జమానాలో మస్జిద్‌లోకి కుక్కలు వచ్చిపోతుండేవనీ, ఆ చోట నీళ్లు కూడా చల్లేవారు కాదనీ ఇబ్నె ఉమర్ (ర) చెప్పిన మాట బుఖారీలోనే ఉంది. ఇది చెబితే మా ఇంట్లో ఒకరు నన్ను 'నువ్వు జర్నలిస్టువా, ఆలిమ్‌వా?' అన్నారు. నేను ఆలిమ్‌ను కాను, నిజమే. ఆ కితాబు మాత్రం ఆలిమ్‌లదే కదా.

అందుకని వాడికి నేను చెప్పింది సీదా సాదా సంగతులు. జానమాజ్‌ను జిప్ ఉన్న సంచిలో విడిగా పెట్టుకో. నమాజ్‌కు ఒక జత బట్టలు కుక్కకు అందకుండా ఉంచు. గుడారంలో ఇరుకైతే బయట చదువు, భూమంతా సజ్దాకు పనికొచ్చేదే. కుక్కను కట్టేసి నిలబడు, లేకపోతే సజ్దాలో వచ్చి మొహం నాకుతుంది. ముసాఫిర్‌వి కాబట్టి నాలుగు రకాతుల ఫర్జ్ రెండే. దగ్గర్లో నీళ్లు దొరకకపోతే తయమ్ముమ్ ఉంది, నెవాడాలో మట్టికి కొదవ లేదు. పడమటికి పోతుంటే గడియారం వెనక్కి జరుగుతూ ఉంటుంది. సెల్‌ఫోన్ చూపే టైమ్‌తో పాటు సూర్యుణ్ణి కూడా చూసుకో.

సూరా కహఫ్‌ను మనం ప్రతి జుమ్మాకు చదువుతాం. జాలిమ్ రాజ్యం నుంచి ఈమాన్‌ను కాపాడుకోవడానికి ఇల్లొదిలి గుహలో తలదాచుకున్న యువకుల కిస్సా అది. వాళ్లతో కుక్క కూడా పోయింది. గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాపుకుని ఉంది. ముగ్గురా, ఐదుగురా, ఏడుగురా అని జనం లెక్కలు వేసిన ప్రతిసారీ ఆ ఆయత్‌లో కుక్క కూడా లెక్కలోకి వస్తుంది. ఆ సూరా కంఠతా వచ్చిన వాళ్లం మనం. గల్లీలో కుక్క కనబడితే పిల్లల చేతికి రాయి అందించేదీ మనమే.

దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు మోజాలో నీళ్లు తోడి తాగించిన మనిషిని అల్లాహ్ మాఫ్ చేశాడని హదీస్ ఉంది. ఎల్లోస్టోన్ పేరు విన్నప్పుడల్లా నాకు ఇంకో మనిషి యాదికొస్తాడు. 1981లో అక్కడి మరిగే ఊటలో ఒక కుక్క దూకేసింది. దాన్ని కాపాడాలని ఒక యువకుడు వెనకే దూకాడు. కుక్కా చనిపోయింది, అతనూ బతకలేదు. అది అతని కుక్క కూడా కాదు, దోస్తుది. అక్కడ కాలిబాటల మీదికీ, ఊటల చుట్టూ వేసిన చెక్క వంతెనల మీదికీ కుక్కల్ని రానివ్వరు. రోడ్డుకు వంద అడుగుల లోపే, ఆరడుగుల తాడుతోనే ఉంచాలి. కుక్కతో పోయేవాడు చాలా చోట్లు చూడకుండానే తిరిగి రావాలి. నేషనల్ ఫారెస్టుల్లో ఇంత కట్టడి లేదు కాబట్టి తెలిసినవాళ్లు అటు పోతారు.

ఇంకో వైపు కూడా అనాల్సిందుంది. వేటకో, మందకో, పొలానికో తప్ప కుక్కను పెంచితే రోజుకు ఒక ఖీరాత్ సవాబ్ తగ్గుతుందని సహీ హదీస్ ఉంది. ఇంగ్లీషులో రీల్స్ చేసే మన పిల్లలు దాహం హదీస్ చెబుతారు, ఇది దాటేస్తారు. కాపలాకు పెంచుకోవచ్చని ఉలమాల్లో చాలామంది అన్నారు. ఎడారిలో ఒంటరిగా గుడారం వేసేవాడికి కాపలా అక్కర ఉండదని నేననను. మా వాడి కుక్కను చూస్తే మాత్రం ఎవరు ఎవరికి కాపలానో చెప్పడం కష్టం. వాడు ఖీరాత్ హదీస్ కూడా చదువుకుని తేల్చుకోవాలి. లెక్క చెప్పాల్సింది వాడు, వాట్సాప్ గ్రూపు కాదు. మా ఊళ్లో పొలాల దగ్గర మన సాయిబులే కుక్కల్ని సాకేవారు. వాళ్లను ఎవరూ ఫత్వా అడగలేదు. పట్నానికొచ్చి మార్బుల్ ఫ్లోర్ వేయించుకున్నాకే మనకు ఇంత నఫ్రత్ పుట్టింది.

జుమ్మా సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఆపా ఆఖరికి అదే పట్టుకుంది: 'మస్జిద్ కనబడితే కుక్కను కార్లో పెట్టి లోపలికి పో' అని. పోవద్దన్నాను. బయట 21 డిగ్రీలు ఉన్నా అద్దాలు మూసిన కారు అరగంటలో 40 డిగ్రీలకు చేరుతుంది. ఖుత్బా, నమాజ్ అయ్యేసరికి ఆ జానవర్ గతి ఏంటి? అది జుల్మ్. ముసాఫిర్ మీద జుమ్మా వాజిబ్ కాదు. చెట్టు నీడ చూసి కుక్కను కట్టేసి, దానికి గిన్నెలో నీళ్లు పోసి, జుహర్ రెండు రకాతులు అక్కడే చదువుకుని బయల్దేరొచ్చు.