నీటి అడుగు తోటకు కాపలా ఎవరు?

అండమాన్ అంటే మన మన్యం పల్లెల్లో వయసు మళ్లినవారికి ఇప్పటికీ ద్వీపాంతర శిక్షే గుర్తుకు వస్తుంది. 1922-24 నాటి రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరిని తెల్లదొరలు ఆ దీవుల జైలుకే పంపారు. పోయినవాడు తిరిగి రాడని పేరుపడిన అదే చోటికి ఇప్పుడు జనం డబ్బు కట్టి సరదాగా వెళుతున్నారు. ఖమ్మం పరిసరాల నుంచి కూడా ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు పిల్లాపాపలతో పోయి వస్తున్నారు. వచ్చినవారు జైలు గోడల గురించి ఒక మాట చెప్పి, సముద్రం అడుగున చూసిన చేపల గురించి గంటసేపు చెబుతారు. వీపుకు సిలిండరు తగిలించుకుని, కళ్లకు అద్దం పెట్టుకుని నీటి కిందకు దిగే స్కూబా డైవింగు మీద అంత మోజు పుట్టింది.

సముద్రం చూడాలంటే బందరు దాకా పోవలసిన ఖానాపురం హవేలి వాసులకు ఈ గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. గోదావరి గట్టున, అడవి అంచున బతుకుతున్నవారు పట్టించుకోవలసిన సంగతి ఇందులో ఉన్నది.

ముందుగా, ఆ దీవులు మనకు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మందికి తెలుగే మాతృభాష. వీరిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన గంగపుత్రుల కుటుంబాలు ఎక్కువ. 2024లో శ్రీవిజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకు పోతే తెలుగులోనే బేరం చేసుకోవచ్చు. విశాఖ నుంచి ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. వేటే బతుకుగా వెళ్లిన వారికి ఆ నీటి పోటు, పాటు, రాతి గుట్టలు అన్నీ ఎరుకే.

ఇంతకీ ఆ నీటి అడుగున ఏమున్నది? పగడపు దిబ్బలు ఉన్నాయి. పగడం రాయి కాదు, చెట్టూ కాదు, ఒక జీవి. వేలి గోరంత ఉండే మెత్తటి పురుగు వంటి ప్రాణి తన చుట్టూ సున్నంతో గూడు కట్టుకుంటుంది. లక్షల గూళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని దిబ్బ అవుతుంది. కొమ్మలు వేసే రకం త్వరగానే పెరుగుతుంది. గుండ్రాయి వంటి రకం మాత్రం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మనిషెత్తు పగడపు గుండు ఒకటి కనిపించిందంటే అది మన ముత్తాతల కంటే ముందే మొలకెత్తిందన్న మాట. మన ఆడపడుచులు మెడలో వేసుకునే ఎర్ర పగడం దీనికి దాయాది.

ఆ ప్రాణి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే ఆ నాచు ఆహారం వండుతుంది, పగడం దానికి నీడనిస్తుంది. ఆ రంగులన్నీ చాలావరకు ఆ నాచు పుణ్యమే. పగడం బతకాలంటే నీరు తేటగా, వెచ్చగా, ఉప్పగా ఉండాలి, ఎండ అడుగు దాకా దిగాలి. శ్రావణ మాసంలో భద్రాచలం వద్ద ఎర్రగా పొంగి పారే గోదావరిని ఒకసారి తలచుకోండి. ఆ ఒండ్రు, ఆ మంచినీరు, కృష్ణమ్మ తెచ్చేది కూడా కలిసి మన కోస్తా సముద్రంలోనే చేరుతుంది. మన పొలాలకు ప్రాణం పోసే ఆ ఒండ్రే పగడానికి ఊపిరాడనివ్వదు. మన తీరాన పెద్ద పగడపు దిబ్బలు లేకపోవటానికి ముఖ్య కారణం ఇదే. విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్‌లో అంతటి నదులు లేవు. నీరు అద్దంలా ఉంటుంది.

ఆ దిబ్బల సందుల్లో ఉండే ప్రాణుల లెక్క తేలేది కాదు. చిలక ముక్కు వంటి నోరున్న చేప ఒకటి పగడాన్ని కొరికి నమిలి ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేప అయితే ఏడాదికి క్వింటాలు పైబడి ఇసుక చేస్తుంది. పర్యాటకులు చెప్పులు విడిచి మురిసిపోతూ నడిచే తెల్లటి ఇసుకలో ఆ చేప చాకిరీ చాలా ఉందని తెలిస్తే ఏమంటారో! ముళ్ల పొద వంటి సముద్రపు పువ్వులో దాక్కునే నారింజ రంగు చేపలు మొదట అన్నీ మగవే, గుంపులో పెద్దది ఆడదిగా మారి పెత్తనం చేస్తుంది. ఇంకా టేకు చేపలు, సొరలు, తాబేళ్లు ఉన్నాయి. గడ్డి మేసే సముద్రపు ఆవు కూడా ఉన్నది. దుగాంగ్ అనే ఈ జీవి పది అడుగుల దాకా పెరుగుతుంది. నీటి అడుగున మొలిచే గడ్డి మీదనే బతుకుతుంది. కొన్ని ఏళ్లకు ఒకసారి గాని ఈనదు. అండమాన్ నికోబార్ వారు దీనిని తమ రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్నారు.

ఇక డైవింగు సంగతి. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది భ్రమపడతారు. సరదా డైవింగులో సాధారణంగా మనం పీల్చే గాలినే వత్తి నింపుతారు. ప్రతి పది మీటర్ల లోతుకు ఒంటి మీద ఒక వాతావరణపు ఒత్తిడి అదనంగా పడుతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు, బిగబడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లుతాయి. గబగబా రారాదు, వస్తే రక్తంలో కరిగిన నత్రజని సోడా బుడగల్లా పొంగి కీళ్లు పట్టేస్తాయి, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే కొత్తవారిని గురువు చేయి విడవకుండా 12 మీటర్ల లోపే తిప్పుతాడు. మూడు నాలుగు రోజుల మొదటి శిక్షణ ముగించి పత్రం పుచ్చుకున్నవారు 18 మీటర్ల దాకా దిగవచ్చు. ఆ శిక్షణకు పాతిక వేల రూపాయల పైమాటే. ఈ పత్రం లేనివాడు ఎంతటి ఈతగాడైనా ఆ వృత్తిలో పనికి రాడు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

డైవింగుకు పేరుబడినది స్వరాజ్ ద్వీపం. 2018 దాకా దాని పేరు హావ్‌లాక్. పక్కనే పూర్వం నీల్ అనబడిన షహీద్ ద్వీపం. స్వరాజ్ ద్వీపం చుట్టూ ఉన్న డైవింగు చోట్లలో జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ అనే రెండింటిని తెలిసినవారు గొప్పగా చెబుతారు. వంద అడుగుల లోతు దాకా దిగే రాతి గుట్టలవి, వాటి చుట్టూ చేపల గుంపులు మబ్బుల్లా తిరుగుతాయి. ఈ జానీ, డిక్సన్ తెల్లదొరలు కారు. అక్కడి కరెన్ తెగ యువకులు. 1925 ప్రాంతంలో బర్మా నుంచి తెచ్చి అండమాన్ అడవుల్లో స్థిరపరచిన గిరిజనులు కరెన్‌లు. ఈతలో, పడవ నడపటంలో దిట్టలు. డైవింగు వ్యాపారం ఆ దీవికి వచ్చిన తొలి రోజుల్లోనే ఆ పని నేర్చి, మంచి చోట్లు చూపారు. అందుకే పటంలో వారి పేర్లు నిలిచాయి. నీటిని ఎరిగినవాడి చేతికి పనిముట్టు, పత్రం అందితే జరిగేది అదే. మన తెలుగు గంగపుత్రుల పిల్లల చేతికి అవి ఎన్ని అందాయి? ఆ లెక్క దీవుల పాలకులు చెప్పాలి.

ఆ తోట ఇప్పుడు కష్టంలో ఉన్నది. సముద్రపు వేడి మామూలు వేసవి వేడి కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా చాలు, పగడం తన ఒంట్లోని నాచును వెళ్లగొట్టి తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. ప్రపంచమంతటా మరోసారి ఈ తెగులు సాగుతున్నదని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచి, దిబ్బలు కొన్ని నీటి బయట పడి ఎండి చచ్చాయి. ఇవి మన చేతిలో లేని విపత్తులు. చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. పడవ లంగరును పగడం మీదనే వేయటం, ఫోటో కోసం కాలి రెక్కలతో తొక్కటం, చేపలకు రొట్టె ముక్కలు విసరటం, అద్దాల బీరువాలో పెట్టుకోవటానికి ఒక కొమ్మ విరిచి తేవటం. పగడం 2001 నుంచి పులితో సమానంగా వన్యప్రాణి చట్టం మొదటి జాబితాలో ఉన్నది. అక్కడికి పోదలచిన మన జిల్లావారు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

రక్షణ అంటే ఏమిటన్న దాని మీదనే మన ప్రాంతం వారికి చెప్పవలసిన మాట ఉన్నది. 1983లో వండూర్ వద్ద 15 దీవులతో, 281 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంలో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు ఏర్పడింది. అక్కడ వేట నిషిద్ధం. పర్యాటకులను జాలీబాయ్ దీవికి కొన్ని నెలలు, రెడ్‌స్కిన్ దీవికి కొన్ని నెలలు మార్చి మార్చి పంపుతారు. చేను ఒక ఏడు బీడు పెట్టి మరో ఏడు దున్నే రైతు తెలివి ఇది, మెచ్చవలసినదే. అయితే వల వేసేవాడికి మూసిన నీరు టిక్కెట్టు కొన్నవాడికి తెరిచి ఉంటే, వల వేసేవాడి కడుపు మండదా? 1977లో కిన్నెరసాని అభయారణ్యం అయినప్పటి నుంచి మన అడవి పల్లెలు ఎరిగిన బాధే ఇది. అడవిని కాపాడవద్దని ఏ కోయవాడూ అనలేదు. తన కాపలా లేకుండా కాపాడగలమనుకోవటాన్నే తప్పు పట్టాడు. సముద్రంలోనూ అంతే. ఆ నీటిలో పుట్టి పెరిగినవాడికి డైవింగు గురువుగా, కాపలాదారుగా జీతం దొరికిన రోజున లంగరు ఎక్కడ వేయకూడదో అతడే చెబుతాడు, దొంగ వేటగాడిని అతడే పట్టిస్తాడు. బయటి కంపెనీ గురువు సీజను కాగానే ఇంటికి పోతాడు. మిగతా కాలమంతా ఉండేది స్థానికుడే.

విశాఖ రుషికొండ వద్ద కూడా స్కూబా డైవింగు జరుగుతున్నది. పగడపు దిబ్బలు లేకున్నా రాళ్ల చుట్టూ చేపలకు కొదవ లేదు. అక్కడైనా జాలరిపేటల కుర్రవాళ్లకు మొదటి స్థానం ఇవ్వటం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

ఇక మన గోదావరి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు వద్ద మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయిన ఘోరాన్ని ఎవరూ మరచిపోలేదు. బతికి బయటపడిన 26 మందిని ముందుగా ఆదుకున్నది ఆ ఒడ్డు పల్లెల గిరిజనులే, తమ చిన్న పడవలతో. మునిగిన బోటును నెల దాటాక, అక్టోబరు 22న, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం బయటకు తీసింది. దానికి నీటి కిందకు దిగే డైవర్లు విశాఖ నుంచి రావలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, కాపాడినది ప్రాణాలకు తెగించిన ఒక జేసీబీ డ్రైవరు. చెరువులోనో, సాగర్ ఎడమ కాలువలోనో ఎవరైనా మునిగితే ముందు కబురు అందేది ఊరి గజ ఈతగాడికే. అతడు లుంగీ బిగించి ఊపిరి బిగబట్టి దిగుతాడు. వారి ధైర్యానికి చేతులెత్తి మొక్కవలసిందే. కాని ఊపిరి బిగబట్టి ఎంతసేపు వెతకగలడు?

అండమాన్ తేట నీటి చదువు గోదావరి బురద నీటికి సరిపోదన్న మాటా నిజమే. ఇక్కడ చేయి చాస్తే చేయి కనబడదు, సుడులు, మునిగిన చెట్లు, తెగిన వలలు ఉంటాయి. కనుక తాడు పట్టి దిగే పద్ధతి, ఒడ్డున తోడు ఉండే పద్ధతి, ఎప్పుడు దిగరాదో చెప్పే పద్ధతి ఇవన్నీ విడిగా నేర్పాలి. గోవాలో కేంద్ర ప్రభుత్వపు జాతీయ జలక్రీడల సంస్థ ఉన్నది. నీటిలో ప్రాణరక్షణ, మరపడవ నడపటం అక్కడ నేర్పుతారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద నది 71 అడుగులు దాటింది, అటువంటి వరద మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

భద్రాచలం ఐటీడీఏ వారు, మత్స్యశాఖ వారు కలిసి నదీ తీరపు ప్రతి మండలం నుంచి నలుగురైదుగురు కోయ, బెస్త, ముదిరాజ్ యువకులను ఎంపిక చేసి, వచ్చే వానాకాలం లోపే శిక్షణకు పంపాలి. శిక్షణ రుసుము, ఆ రోజుల కూలి ప్రభుత్వమే భరించాలి. తిరిగి వచ్చాక పనిముట్లు జిల్లా కేంద్రంలో బీరువాలో తాళం వేసి ఉంచక, గట్టు మీది ఊళ్లలోనే పెట్టాలి. కలెక్టర్లు ఈ విషయం పరిశీలించి, ఏ మండలం నుంచి ఎందరిని పంపేదీ ప్రకటించవలసి ఉన్నది.