చిన్న పాటకు పీట వేయరా?

పాత పాటలంటే నాకు ప్రాణం. పాత పాటల గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులంటే మాత్రం ఒళ్ళుమంట. ఇదేం విడ్డూరమని అడగకండి. కాకరకాయ కూరంటే ఇష్టమున్నవాళ్ళకి, దాన్ని ఉడకబెట్టి, పిండి, చేదంతా పారబోసేవాళ్ళని చూస్తే కోపం రాదూ? ఇదీ అంతే.

ఈ పెద్దమనుషుల్లో రెండు తెగలున్నాయి. మొదటి తెగవారి లెక్కలో తెలుగు పాట 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారితోపాటే కన్నుమూసింది. ఆ తరువాత వచ్చిందంతా రణగొణధ్వని. "ఎనభైల్లో పాటలేమిటమ్మా, రంగు దీపాలూ, తెల్లబూట్లూ తప్ప!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండో తెగవారు కాస్త ఉదారులు. ఎనభైలకు కూడా పీట వేస్తారు. కాకపోతే ఆ పీట మీద మూడు నాలుగు సినిమాలనే కూర్చోబెడతారు. 1980లో "శంకరాభరణం", 1982లో "మేఘసందేశం", 1983లో "సాగరసంగమం". అంతే, పదేళ్ళ పద్దు ముగిసింది.

వాటిని నేను కాదంటానా? మహదేవన్, రమేష్ నాయుడు, ఇళయరాజా, ముగ్గురికీ ఆ సినిమాలకే జాతీయ బహుమతులొచ్చాయి. పెద్ద పాటలు పెద్దవే. నా తగువల్లా ఎక్కడంటే, అందరినీ భోజనాలకు పిలిచి, పెద్దవాళ్ళకి పీటలు వేసి, చిన్నవాళ్ళని వీధరుగు మీద మరిచిపోవడం దగ్గర.

చిన్న పాటంటే ఏదని అడుగుతారేమో. సినిమా వారం తిరక్కుండా హాల్లోంచి ఎత్తేసినా, పాట మాత్రం ఊళ్ళో ఉండిపోయిందే, అదీ చిన్న పాట. బహుమతి రాలేదు, పత్రికలు రాయలేదు. అయినా మన నోట్లో ఆడింది.

నేను నందిగామలో పుట్టి జగ్గయ్యపేటలో మెట్టినదాన్ని. రెండూ ఒకే రోడ్డు మీది ఊళ్ళు. అప్పట్లో దాన్ని 9వ నంబరు హైవే అనేవారు, ఇప్పుడు 65 అంటున్నారు. అప్పుడు మాది కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. మా మెట్ట ప్రాంతంలో ఆ రోజుల్లో పెళ్ళంటే ముందురోజు సాయంత్రమే మైకుసెట్టు దిగేది. వేపచెట్టుకు హారన్ కట్టి, మైకుసెట్టు అబ్బాయి తన రికార్డుల పెట్టె తెరిచేవాడు. అందులో పెద్ద సినిమాల రికార్డులు వేసీ వేసీ అరిగిపోయి, గీతలు పడి, ఒకే ముక్క దగ్గర పదిసార్లు కొట్టుకునేవి. పెళ్ళివారు కేకలేస్తే ఎవరూ ముట్టని చిన్న సినిమా రికార్డు తీసేవాడు. అది అరగలేదు గనక శుభ్రంగా పాడేది! ఇంకేముంది, పెళ్ళి అయ్యేలోగా ఆ పాట ముప్ఫైసార్లు. డాబా మీద మిరపకాయలు తిరగేసేవాళ్ళకీ, వంటల దగ్గర కూరలు తరిగేవాళ్ళకీ కంఠతా వచ్చేసేది. ఆ పాట మద్రాసులో హిట్టు కాదు, హైదరాబాదులో హిట్టు కాదు. మా వీధిలో హిట్టు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి వెళితే అక్కడా ఇదే తంతు.

ఇక రేడియో సంగతి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. మా అమ్మల కాలానికే అది ఇంట్లో మనిషి. మా కాలానికి వివిధభారతిలో "జనరంజని" అని శ్రోతలు కోరిన పాటలు వేసేవారు. 15 పైసల పోస్టుకార్డు మీద పాటా, సినిమా, మన పేర్లూ రాసి డబ్బాలో పడేస్తే ఏ నెలకో మన వంతు వచ్చేది. "నందిగామ నుంచి..." అని మొదలెట్టి అక్కచెల్లెళ్ళ పేర్లూ, పక్కింటివాళ్ళ పేర్లూ, ఊళ్ళో లేని అత్తయ్య కూతురి పేరుతో సహా చదివేవారు. పెద్ద పాట కోరితే ఆ పేర్ల వరదలో మన పేరు కొట్టుకుపోతుంది. చిన్న పాట కోరితే మనమే నలుగురం, స్పష్టంగా వినిపిస్తుంది. అదీ మా అక్కచెల్లెళ్ళ ఎత్తు!

నవ్వులాట అని కొట్టిపారేయకండి. శుభలేఖలో తప్ప మరెక్కడా పేరు అచ్చుకాని ఆడపిల్లలం మేము. ఇంట్లో "ఏమేవ్", వీధిలో ఫలానావారి అమ్మాయి, పెళ్ళయ్యాక ఫలానావారి కోడలు. మా పేరు మా పేరుగా నలుగురూ విన్నది ఆ రేడియోలోనే, ఓ చిన్న పాట ముందు.

ఇంకొకటి. పాట వేసేముందు సినిమా ఏదో, పాడినదెవరో, రాసినదెవరో, సంగీతమెవరిదో రేడియోవారు చెప్పేవారు. తిరగమోత పెడుతూ వినీ వినీ మాకు వేటూరి తెలిశారు. సత్యం, చక్రవర్తి తెలిశారు. "మంచుపల్లకి", "నాలుగు స్తంభాలాట"లకు సంగీతం కట్టిన రాజన్-నాగేంద్ర కన్నడ సోదరులని తెలిసింది. సినిమా పుస్తకం ఒక్కటీ చదవని మా అమ్మ కూడా పల్లవి వినగానే "ఇది రమేష్ నాయుడిదే" అనేసేది. ఇప్పుడు ఫోనులో పాట పక్కన హీరో బొమ్మ నిగనిగలాడుతూ ఉంటుంది. రాసినవారి పేరు వెతికి వెతికి కళ్ళజోడు మార్చుకోవాల్సిందే.

రమేష్ నాయుడంటే గుర్తొచ్చింది. కొండపల్లి అనగానే అందరికీ బొమ్మలు గుర్తొస్తాయి. నందిగామ నుంచి బెజవాడ వెళ్ళే దారికి పక్కనే ఉన్న ఆ కొండపల్లిలో 1933లో పుట్టారాయన. బొంబాయి, కలకత్తాలు తిరిగి, మద్రాసు చేరి, 1987లో పోయారు. లోకం ఆయన్ని "మేఘసందేశం" అనే ఒక్క రాయితో తూచి పక్కన పెట్టేసింది. 1981లో "ముద్దమందారం" ఉంది, 1983లో "రెండు జెళ్ళ సీత" ఉంది. జడ వేసుకుంటూ ఆడపిల్ల కూనిరాగం తీసుకోవడానికి వీలైన పాటలవి. వాటిని తేలికపాటలని తీసిపారేస్తారు. నోట్లో వేసుకుంటే కరిగిపోయేది చెయ్యడం ఎంత కష్టమో పూతరేకు చుట్టిన చేతినడగండి!

"కాలం జల్లెడలాంటిదోయ్. మంచిది మిగులుతుంది, తౌడు పోతుంది" అంటారు మావారు, పడకకుర్చీలోంచి. జల్లెడ నిజంగా కాలం చేతిలో ఉంటే నేనూ ఒప్పుకునేదాన్నే. కానీ పట్టినదెవరు? ఆ రోజుల్లో చిన్న రికార్డు, అదే ఈపీ, రెండు పక్కలా కలిపి నాలుగు పాటలు. సినిమా పోతే ఆ రికార్డు మళ్ళీ వేయించేవాళ్ళుండరు. తరువాత కాసెట్లొచ్చాయి. కంపెనీలు పెద్ద హీరోల హిట్లన్నీ ఏరి ఒక కాసెట్టులో పోశాయి. తరువాత సీడీలొచ్చాయి. కాసెట్టులో ఉన్నవే చాలావరకు వాటిలోకి ఎక్కాయి. ఇప్పుడు ఫోను. నిన్న ఎక్కువమంది విన్నదే ఇవాళ మన ముందుకు తోస్తుంది, ఇవాళ తోసిందే రేపు ఇంకా ఎక్కువమంది వింటారు. జల్లెడ ఎన్ని చేతులు మారినా, అన్నీ అమ్ముకునేవాళ్ళ చేతులే. అమ్ముకోవడం తప్పని అనను, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. అమ్ముడుపోనిదంతా తౌడనడం ఎక్కడి న్యాయం? సంతలో దొరికే కూరలే కూరలా, పెరట్లో కాసిన దొండకాయ కూర కాదూ?

ఆ జల్లెడ మన చేతికి చిక్కింది ఒక్కసారే, ఖాళీ కాసెట్ల కాలంలో. గుర్తుందా, రికార్డింగు షాపు? కావలసిన పాటలన్నీ చీటీ మీద రాసిస్తే, షాపువాడు మన కాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాడు. చీటీ రాసేది మనం, పట్టుకెళ్ళేది అన్నయ్యలో, కొత్తగా పెళ్ళయితే వారో. అరవై నిమిషాల కాసెట్టులో పన్నెండో, పదమూడో పాటలు. ఆ చీటీ ఉత్త చీటీ కాదు. ఇంటికి ఏ రంగు సున్నం వెయ్యాలో కూడా మనల్ని అడగని రోజుల్లో, "నాకు ఇదీ ఇష్టం" అని వరస నంబర్లు వేసి మరీ రాసుకున్న కాగితం.

మొన్నామధ్య జగ్గయ్యపేటలో మా పెద్దాడపడుచు ఇంట షష్టిపూర్తి జరిగింది. సాయంత్రం పాటకచేరీ పెట్టించారు. ఇప్పుడు వాయించేవాళ్ళు అక్కర్లేదు. వాద్యాలన్నీ ముందే పెట్టెలో ఉంటాయి, దాన్ని ట్రాకు అంటారట. పాడేవాళ్ళు ఇద్దరొచ్చి దాని మీద పాడతారు. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మా వదిన, పట్టుచీర సర్దుకుంటూ వెళ్ళి ఓ పాట అడిగింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ రాసిచ్చిన చీటీ పట్టుకుని అన్నయ్యగారు బెజవాడ వెళ్ళి చేయించుకొచ్చిన కాసెట్టులో మొట్టమొదటి పాట అది. ఏ పాటో చెప్పను. చెబితే మీలో సగంమంది "ఓస్, ఇదా!" అంటారు, తక్కినవాళ్ళు "అదెక్కడిది?" అంటారు. రెండూ ఆవిడకు మర్యాద కాదు.

ఆ అబ్బాయి ఫోను అటూ ఇటూ తిప్పి, "దానికి ట్రాకు లేదాంటీ. ఏదైనా హిట్ సాంగ్ చెప్పండి" అన్నాడు.

కుర్చీలో కూర్చున్న అన్నయ్యగారు తలెత్తి చూశారు. ఆయనకు గుర్తుంది. వదిన మాత్రం, "పోనీలే నాయనా, మీకొచ్చిందే పాడండి" అని వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళు అందరికీ తెలిసిన పాటే ఎత్తుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వదినా కొట్టింది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ "పోనీలే" మీద. మనకు ఉగ్గుపాలతో పోసిన మాట అది. చీర రంగు నచ్చకపోతే పోనీలే. వడ్డించేసరికి కూర మిగలకపోతే పోనీలే. తీరా అరవయ్యేళ్ళొచ్చాక మనవరాలు "అమ్మమ్మా, నీకే పాటలిష్టం?" అని అడిగితే, టీవీలో రోజూ వినపడే ఆ పాతిక పాటల పేర్లే అప్పజెబుతాం. మన ఇష్టం మనమే పోగొట్టుకుని, లోకం ఇష్టాన్ని తెచ్చి మనదని చూపిస్తాం. పోయినది పాట ఒక్కటే అనుకుంటున్నారా? చీటీ రాసిన ఆ పిల్ల కూడా పోయింది.

అలాగని "ఆ రోజులే బంగారం" అనేవాళ్ళ జట్టులో నన్ను కలపకండి. బంగారమేమీ కాదు. రేడియో మీట నాన్నగారి చేతిలో ఉండేది. వార్తలు కాగానే "సెల్లులు అయిపోతాయి" అని టక్కున కట్టేసేవారు. పాటల్లో కూడా ఆడపిల్లని వెంటపడి ఏడిపించేవి, చెవులు మూసుకోవలసినవి బోలెడు. వాటిని మరిచిపోతేనే పుణ్యం. డిస్కో అంటే మాత్రం నేను ముక్కు చిట్లించను. 1986లో బప్పీలహరి "సింహాసనం"కు సంగీతం చేస్తే పిల్లలతోపాటు మేమూ కాళ్ళాడించాం. అన్నీ దాచమని నేననడం లేదు. ఏది దాచాలో, ఏది పారేయాలో బజారు చెప్పకూడదు, మనం చెప్పాలంటున్నాను.

2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. 2023 ఫిబ్రవరి 4న వాణీ జయరాం పోయారు. రెండుసార్లూ టీవీల్లో వేసిన పాటలే మళ్ళీ వేశారు. ఆయన వేలకొద్దీ పాడారని చెబుతూనే పాతిక వేశారు. ఆవిడకైతే "శంకరాభరణం" దాటి అడుగే పడలేదు. ఆ తక్కినవన్నీ ఎవరి దగ్గరున్నాయి? కంపెనీల దగ్గర కొన్ని ఉండచ్చు. చాలా మటుకు మన దగ్గరే ఉన్నాయి, అప్పడాలు ఒత్తేటప్పుడు మనకు తెలియకుండానే బయటికొచ్చే కూనిరాగాల్లో. కాసెట్టు టేపు బూజు పడుతుంది. రికార్డులు పాతసామాన్లవాడు ఏనాడో పట్టుకుపోయాడు. ఇక మన తరం కూడా "పోనీలే" అనేస్తే ఆ పాటలకు దిక్కెవరు?

కనక నా మాట వినండి. పాలలెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగానే ఉంటాయి. మీ చిన్న పాటలు అయిదంటే అయిదు రాయండి. రేడియోవారు చెప్పినట్టే సినిమా, పాడినవారు, రాసినవారు, సంగీతం అన్నీ వేయండి. గుర్తురాకపోతే అక్కకో చెల్లికో ఫోను చేయండి. ధరల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ ఎటూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ పాట ఏ పెళ్ళిలో విన్నారో, ఎవరి పేర్లతో కార్డు రాశారో కూడా పక్కన రాయండి. అమ్మో, అత్తగారో ఉంటే వాళ్ళ అయిదూ అడిగి రాసుకోండి, ఆలస్యం చేయకండి.

ఈసారి ఏ ఫంక్షనులోనైనా "ట్రాకు లేదాంటీ" అంటే, "మాకు గొంతుంది నాయనా" అని మైకు పుచ్చుకోండి. శ్రుతి తప్పుతుందని భయమా? పెద్ద సినిమాల రికార్డులు గీతలు పడీ, ఒకచోటే కొట్టుకుంటూ, ఊరంతా వినేలా పాడలేదూ? మనమూ పాడదాం.