మన అవసరం పిల్లవాడి వయసును పెంచదు

సంపాదకులు గారికి,

పిల్లవాడికి బండి ఏ వయసులో ఇవ్వాలని మా బీదర్ జిల్లా పల్లెల్లో ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది: కాళ్లు నేలకు ఆనితే చాలు. పద్నాలుగేళ్లకు ఆనితే పద్నాలుగు, పదమూడుకే ఆనితే పదమూడు. నేనూ రైతునే, కాలేజీకి పోయే కొడుకున్న తండ్రినే. పద్దెనిమిది నిండేదాకా బండి తాళంచెవి పిల్లల చేతికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ మాట మీద తల్లిదండ్రులు నిలబడాలంటే ప్రభుత్వం చేయాల్సిన పనులు కూడా ఉన్నాయి. ఈ రెండూ చెప్పడానికే ఈ లేఖ.

తోటి తల్లిదండ్రుల వాదనల్లో మొదటిది అవసరం. పదో తరగతి అయ్యాక పీయూసీ (ఇంటర్) చదవాలంటే చాలామంది పిల్లలు ఊరు దాటాలి. కాలేజీ గంటకు బస్సు అందదు. పొద్దున్నే పాలు పోసి రావాలి, యూరియా బస్తా తేవాలి, ముసలమ్మకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోవాలి. తండ్రి పొలంలో ఉంటే ఇవన్నీ ఎవరు చేస్తారని అడుగుతారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇవన్నీ పెద్దవాళ్ల అవసరాలు. మన అవసరం ఎంత పెద్దదైనా పిల్లవాడి వయసు ఒక్క రోజు కూడా పెరగదు.

రెండో వాదన, "మావాడికి బండి బాగా వచ్చు" అని. వచ్చు, కాదనను. ట్రాక్టరు కూడా నడిపే పిల్లలున్నారు. గేరు వేయడం, బ్రేకు నొక్కడం వారం రోజుల్లో వస్తాయి. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే పసిగట్టడం, తోటివాళ్లు రెచ్చగొట్టినా వేగం పెంచకుండా ఉండటం వయసుతో వస్తాయి. మా రోడ్లు ఎలాంటివో గుర్తుచేసుకోండి. చెరుకు సీజనులో రెండేసి ట్రాలీలు తగిలించుకుని, వెనక ఎర్ర లైటు కూడా లేకుండా చీకట్లో ట్రాక్టర్లు పోతుంటాయి. కోతలప్పుడు సగం రోడ్డు మీద సోయా, కంది ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతాం. అలాంటి దారిలో పదిహేనేళ్ల పిల్లవాడు ఇద్దరిని వెనక ఎక్కించుకుని, హెల్మెట్ లేకుండా వెళ్తుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50 వేలు దాటాయి.

వయసు గురించి మన ఆలోచన ఎంత నిలకడ లేనిదో ఇంకో చోట బయటపడుతుంది. పద్నాలుగేళ్ల కొడుకు పెద్దవాడయ్యాడని బండి ఇచ్చే తండ్రే ఇరవై ఏళ్ల కూతురు స్కూటీ అడిగితే "నీకెందుకమ్మా, పడిపోతావు" అంటాడు. అంటే మనం చూస్తున్నది వయసూ కాదు, తెలివీ కాదు. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఆడపిల్లలు ప్రభుత్వ బస్సులో ఉచితంగా కాలేజీకి వెళ్తున్నారు. బస్సు ఆలస్యమైతే ఓపిగ్గా నిలబడుతున్నారు. అక్కకు చేతనైన ఓపిక తమ్ముడికి చేతకాదని ముందే తీర్మానించేది మనమే.

మూడో వాదన అమెరికా నుంచి వస్తుంది. "అక్కడ మనవాళ్ల పిల్లలు పదహారుకే కారు నడుపుతున్నారు" అంటారు. నిజమే. కానీ ఎలా నడుపుతున్నారు? మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌నే తీసుకోండి. పదిహేనేళ్లకు లెర్నర్ పర్మిట్ ఇస్తారు. కనీసం ఆరు నెలలు లైసెన్సున్న పెద్దవాళ్లు పక్క సీట్లో కూర్చుని నేర్పాలి. పదహారుకు లైసెన్సు వచ్చినా మొదటి ఏడాది అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు దాకా మామూలుగా నడపకూడదు. ఇంటివాళ్లు కాని ఇరవై ఒక్కేళ్ల లోపువాళ్లను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. వాళ్ల దగ్గర పదహారు అంటే ఇంత కట్టడి. మనం అంకెను ఒక్కదాన్నే తెచ్చుకుని కట్టడిని అక్కడే వదిలేశాం.

పదహారు మన చట్టంలోనూ ఉందని కొందరంటారు. 1988 మోటారు వాహనాల చట్టం పదహారేళ్లకు అనుమతించింది 50 సీసీ మించని బండికి మాత్రమే. అది లూనా మోపెడ్ల కాలం మాట. ఇప్పుడు మన ఇళ్ల ముందుండే స్ప్లెండర్ 97 సీసీ, టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 కూడా 99 సీసీ దాటింది. వీటికీ, ట్రాక్టరుకూ పద్దెనిమిదే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఇంకా కఠినం. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. తనకు తెలియకుండా జరిగిందని తండ్రే రుజువు చేసుకోవాలి. ఈ సవరణకు ముందే, 2018లో, హైదరాబాద్‌లో పిల్లలకు బండ్లిచ్చిన తండ్రులు జైలుకు వెళ్లారు.

"నాకు చెప్పకుండా తాళంచెవి తీసుకుపోయాడు" అన్న మాట పరిహారం కేసులో కాపాడదు. ఢిల్లీలో ఒకాయన ఇంటికొచ్చిన బంధువుల అబ్బాయి, మైనరు, ఆయన బండి తీసుకుపోయి ప్రమాదం చేశాడు. 2011లో సుప్రీంకోర్టు పరిహారం భారాన్ని బండి యజమాని మీదే ఉంచింది. ఇన్సూరెన్సు కంపెనీ ముందు డబ్బు కట్టినా తర్వాత అతని నుంచి రాబట్టుకోవచ్చు. రెండెకరాల రైతు మీద అలాంటి తీర్పు పడితే భూమి అమ్ముకోవడమే మిగులుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది 2019 సవరణలోనే ఉన్న ఇంకో నిబంధన. బండి నడుపుతూ దొరికిన పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మా ప్రాంతం నుంచి ఎందరో యువకులు హైదరాబాద్ వెళ్లి కార్లు, ఆటోలు, సరుకుల బండ్లు నడిపి ఇంటికి డబ్బు పంపుతున్నారు. ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగం చాలామంది కల. పదిహేనేళ్లప్పుడు పాల క్యాను కోసం మనం ఇచ్చిన బండి వాడి బతుకుతెరువుకే అడ్డం పడితే ఆ తప్పు ఎవరిది?

అందుకే తల్లిదండ్రులకు నా విన్నపం. పద్దెనిమిది నిండిన నెలలోనే లెర్నర్ లైసెన్సు తీయించండి, హెల్మెట్ కొనివ్వండి, కొన్నాళ్లు వెనక కూర్చుని నేర్పండి. అంతవరకు తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. గ్రామసభలో ఈ మేరకు తీర్మానం చేద్దాం. పది ఇళ్లు ఒక్కటైతే "అందరికీ ఇచ్చారు, నాకే ఇవ్వలేదు" అనే మాట పిల్లల నోట రాదు. నలుగురైదుగురు పిల్లలుంటే తల్లిదండ్రులు కలిసి కాలేజీకి ఆటో మాట్లాడుకోవచ్చు. ఇంట్లో తల్లి వద్దంటున్నప్పుడు ఆ మాట వినండి. చాలా ఇళ్లలో ఆమె భయాన్ని మనం కొట్టిపారేస్తున్నాం.

ప్రభుత్వానికీ ఒక మాట. చట్టం చేసినంత మాత్రాన పిల్లవాడు కాలేజీకి చేరడు. పల్లెల నుంచి పొద్దున కాలేజీ గంటకు ముందు చేరే బస్సు, సాయంత్రం కాలేజీ వదిలాక తిరిగి తెచ్చే బస్సు, ఈ రెండు ట్రిప్పులు తప్పకుండా నడపాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లిచ్చే పథకాన్ని కర్ణాటక 2006–07లో మొదలుపెట్టింది, కోవిడ్ ఏడాదుల్లో అది ఆగింది. అలాంటి పథకం ఏ ఏడాదీ ఆగకూడదు. లెర్నర్ లైసెన్సు శిబిరాలు తాలూకా కాలేజీల్లోనే పెట్టాలి. పోలీసులు పిల్లవాడిని ఆపి చేతిలో వంద పడితే వదిలేసే పద్ధతి పోవాలి. తండ్రిని పిలిపించి, తాళంచెవి అతని చేతికే ఇచ్చి, రాతపూర్వకంగా హామీ తీసుకోవాలి. రెండోసారి దొరికితే చట్టం తన పని చేయాలి.

కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు బస్సు వేళల మీద అధికారులు, తాళంచెవుల మీద తల్లిదండ్రులు ఒక నిర్ణయానికి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి,
కుశనూర్, బీదర్ జిల్లా, కర్ణాటక